మానిన తర్వాతి ఏడాది: కమాన్‌పూర్ నుంచి మత్తు చికిత్సల సమీక్ష

కమాన్‌పూర్‌లో ఒక మనిషి తాగుడు మానాలని గట్టిగా అనుకుంటే ఎవరి దగ్గరికి పోవాలి? ఎన్ని రోజులు పని మానుకోవాలి? ఆ రోజుల మస్టర్లు, అంటే హాజరు, పోతే నౌకరీకి ఏమవుతుంది? తిరిగొచ్చినాక అతన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? బొగ్గుబాయి ఇళ్లలో ఈ ప్రశ్నలు కొత్తవి కావు. జవాబులే ఒకచోట దొరకవు. కొన్ని గోదావరిఖని దవాఖానలో ఉన్నాయి, కొన్ని చట్టాల పుస్తకాల్లో ఉన్నాయి, కొన్ని కొండగట్టు మెట్ల మీద ఉన్నాయి. అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిన సంగతి ఇది: మొదటి పది రోజుల చికిత్సకు ఈ ప్రాంతంలో దారి ఉంది, ఆ తర్వాతి ఏడాదికి లేదు. మానినవాళ్లు మళ్లీ పడిపోయేది ఎక్కువగా ఆ ఏడాదిలోనే.

కమాన్‌పూర్ పెద్దపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ విభజనలోనే ఖిల్లా పేరుతో రామగిరి మండలం దీని నుంచి వేరుపడింది. అసెంబ్లీకి మంథని నియోజకవర్గం. ఊరికి పేరు తెచ్చింది ఆదివరాహస్వామి గుడి. ఒక పక్క వరి, పత్తి చేలు. ఇంకో పక్క సింగరేణి రామగుండం-3 ఏరియా: సెంటినరీ కాలనీ క్వార్టర్లు, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు, అడ్రియాల లాంగ్‌వాల్ గని. మండలాలు కాగితం మీద విడిపోయాయి కానీ సంతలు, పెళ్లిళ్లు, అప్పులు, దవాఖాన ప్రయాణాలు విడిపోలేదు. పెద్ద పని ఏది పడ్డా జనం గోదావరిఖని పోతారు, లేదంటే పెద్దపల్లి, ఇంకా పెద్దదైతే కరీంనగర్.

ఒకే వాడలో ఎదురెదురు ఇళ్లలో సింగరేణి పర్మినెంట్ కార్మికుడు, కాంట్రాక్టు డ్రైవరు, ఓపెన్‌కాస్టులో పొలం పోయిన రైతు, తాటిచెట్టు ఎక్కే గౌడన్న, కైకిలి పోయే ఆడమనిషి ఉంటారు. పని ఒకే నేల మీద, ఆదాయాలు మాత్రం వేరు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి కార్మికులు ఉండేవారు. 2024లో పర్మినెంట్ కార్మికులు సుమారు 42 వేలు. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించిన లాభాల వాటా 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు. పర్మినెంట్ కార్మికునికి సగటున లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా ఇచ్చిన మొత్తం తలా ఐదు వేలు. చికిత్స కూడా ఇదే గీత వెంట చీలిపోతుంది. పర్మినెంట్ కార్మికుడికి, అతని ఇంటివాళ్లకు కంపెనీ ఏరియా దవాఖాన ఉంది, అవసరమైతే పెద్దాసుపత్రికి రిఫరల్ ఉంది. పక్క మెషీన్ మీద అదే దుమ్ము పీల్చే కాంట్రాక్టు మనిషికి అంత అండ లేదు. పొలం పోయిన రైతుకు పరిహారం ఒక్కసారి చేతికొస్తుంది, రోజూ చేసే పని మాత్రం ఉండదు. చేతిలో డబ్బు, చేయడానికి పని లేకపోవడం, ఊళ్లో వైన్స్: ఈ మూడూ ఒకచోట కలిసిన ఇళ్లకు ఏమవుతుందో నిర్వాసిత గ్రామాల్లో ఎవరిని అడిగినా చెప్తారు.

బాయి పనికీ తాగుడుకూ ఉన్న చుట్టరికం పాతది. మూడు షిఫ్టులు వారం వారం మారుతుంటే నిద్ర కుదురుగా ఉండదు. రాత్రి షిఫ్టు దిగినవాడికి తెల్లవారిన వెలుతురులో కన్ను మూతపడదు. ఒళ్లు నొప్పులకు, నిద్రకు, పైకప్పు కూలుతుందన్న లోపలి భయానికి ఒకే మందుగా క్వార్టరు అలవాటవుతుంది. మత్తులో ఉన్నవాడు గనిలోకి దిగకూడదని గనుల భద్రతా నిబంధనలు చెప్తాయి. అందులో తప్పు లేదు, ఒకడి మత్తు పదిమంది ప్రాణం మీదికి తెస్తుంది. కానీ తాగుడు ముదిరినవాడు మత్తుతో గేటు దాకా రావడం తక్కువ. అసలు రావడమే మానేస్తాడు. అప్పుడు కంపెనీ కాగితాల్లో అతను రోగి కాడు, గైర్హాజరు. ఏడాదికి నూరు మస్టర్లు నిండకపోతే నోటీసు, చార్జిషీటు, కౌన్సెలింగ్, చివరికి డిస్మిస్. సింగరేణిలో గైర్హాజరుతో ఉద్యోగం పోయినవాళ్ల కథలు ప్రతి కాలనీలో ఉన్నాయి. వాళ్లలో ఎందరిని డిస్మిస్‌కు ముందు మానసిక వైద్యునికి చూపించారన్నది యూనియన్లు ఎన్నికల ప్రచారంలో అడగాల్సిన ప్రశ్న అని నా గట్టి నమ్మకం.

మత్తు అనగానే ఇప్పుడు పేపర్లలో గంజాయి మొదట వస్తుంది. నష్టం లెక్కన చూస్తే మద్యమే మొదటిది. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారు. వాళ్లలో 5.7 కోట్ల మందికి సాయం అవసరమయ్యేంత సమస్య ఉంది. గంజాయి, భంగు వాడేవారు సుమారు మూడు కోట్లు. అదే సర్వేలో నన్ను పట్టుకున్న అంకె వేరే ఉంది. మద్యానికి బానిసైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందినవారు 38 మందిలో ఒక్కరు. దవాఖానలో పడక దొరికినవారు 180 మందిలో ఒక్కరు.

మందు అమ్మే ఏర్పాటు ఎంత పటిష్ఠమో దీని పక్కన పెట్టి చూడాలి. తెలంగాణలో 2,620 వైన్ షాపులు ఉన్నాయి. వాటి లైసెన్సుల కోసం 2023లో పడ్డ దరఖాస్తుల రుసుము మీదనే, ఒక్క సీసా అమ్మకముందే, ప్రభుత్వానికి రెండు వేల ఆరువందల కోట్లకు పైగా వచ్చింది. ఆ రుసుము తిరిగి ఇచ్చేది కాదు. షాపు లేని ఊళ్లో బెల్టు షాపు ఉంటుంది. అమ్మకం గడప దాకా వచ్చింది, చికిత్స కోసం మాత్రం బస్సెక్కాలి.

మద్యాన్ని చట్టంతో ఆపే ప్రయత్నం మన రాష్ట్రాలకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రోసమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. ఆ ఉద్యమం ఆడవాళ్ల బలాన్ని చూపింది. అప్పటికే బానిసైన మగవాళ్లకు ఊరూరా వైద్యం ఏర్పాటు చేయాలన్న ఊహ మాత్రం ప్రభుత్వానికి రాలేదు.

అది రాకపోతే ఏమవుతుందో తెలంగాణ 2015లో చూసింది. ఉత్తర తెలంగాణలో, పాలమూరులో, హైదరాబాద్ దుకాణాల్లో కల్లు పేరుతో అమ్మేది చాలాచోట్ల చెట్టు కల్లు కాదు. నీళ్లు, శాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలామ్ కలిపిన మందు కల్లు. ఆ ఏడాది ఎక్సైజ్ అధికారులు కల్తీ మీద కొరడా ఝుళిపించారు. మందు కలపడం ఒక్కసారి తగ్గింది. రోజూ తాగే కూలీలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు వణుకు, మూర్ఛ, పిచ్చి చూపులు, పొంతన లేని మాటలతో నిజామాబాద్ దవాఖానకు, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. కొందరు చనిపోయారు, కొందరు ఉరేసుకున్నారు. అల్ప్రాజోలామ్ జాతి మందులు అలవాటైన శరీరానికి వాటిని ఉన్నపళంగా ఆపకూడదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. సరఫరా మీద దాడి చేసే రోజుకు దవాఖానల్లో పడకలు, డాక్టర్లు సిద్ధంగా ఉండాలన్నది అప్పుడు నేర్చుకోవాల్సిన పాఠం. పదేళ్లకు, 2025 జులైలో, కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మళ్లీ ప్రాణాలు తీసింది.

గంజాయి సంగతి కొంచెం వేరు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల నుంచి మహారాష్ట్ర వైపు పోయే సరుకులో కొంత దారి పొడుగునా చిన్న పొట్లాలై దిగిపోతుంది. రైలు, హైవే, చేతిలో జీతం ఉన్న కుర్రాళ్లు: ఈ మూడూ ఉన్న రామగుండం లాంటి పట్టణం అమ్మేవాళ్ల కంట పడకుండా ఉండదు. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలను చూసే రామగుండం పోలీసు కమిషనరేట్ తరచూ పట్టుకుంటూనే ఉంది. రాష్ట్ర స్థాయిలో 2023లో మొదలైన మాదకద్రవ్యాల నిరోధక విభాగం 2025 జూన్‌లో ఈగల్ అని పేరు మార్చుకుంది. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. అందులోని 64ఏ సెక్షన్ ప్రకారం, తాగినందుకో కొద్ది మొత్తం దగ్గర పెట్టుకున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ఒప్పుకుంటే అతనికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. అయితే చికిత్స పూర్తి చేయాలి, మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. పిల్లవాడి జేబులో పొట్లం కనపడగానే అల్లరవుతుందని దాచిపెట్టే ఇళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. గంజాయి మాన్పించడానికి ప్రత్యేకమైన మాత్ర లేదు. ఉన్నదల్లా ఓపికగా చేసే కౌన్సెలింగ్, లోపల దిగులో, భ్రమలో ఉంటే వాటికి వైద్యం.

మద్యానికి మాత్రం మందులు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో తెలియకనే ఎక్కువ అనర్థం జరుగుతోంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారి ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు, మూడు రోజుల తర్వాత కొందరికి లేనివి కనపడతాయి, మంచం మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఉన్న ఊరు పేరు మరిచిపోతారు. దీన్ని దయ్యం పట్టిందనో, మందు అడుగుతూ నాటకమాడుతున్నాడనో అనుకుని ఇంట్లో కట్టేస్తే ప్రాణం పోవచ్చు. దవాఖానలో క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందును ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజుకింత తగ్గించుకుంటూ వారం, పది రోజుల్లో ఆపేస్తారు. దాంతోపాటు థయమిన్, అంటే విటమిన్ బి1 ఇంజక్షన్లు. ఊళ్లో ఆర్‌ఎంపీలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే. తాగి నీరసించినవాడికి వట్టి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం మన దగ్గర మామూలు. శరీరంలో బి1 నిల్వలు అడుగంటినవాడికి ముందు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ ఇంజక్షన్ ఖరీదైనదేమీ కాదు.

ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ తాగాలన్న తహతహ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. డైసల్ఫిరామ్ వేరే రకం. అది వేసుకున్నవాడు మందు ముట్టుకుంటే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం లాంటివి వస్తాయి. ఆ భయంతో తాగడు. తెలిసి, ఒప్పుకుని, ఇంటివాళ్లు చూస్తుండగా వేసుకున్నవాడికి అది మంచి ఆయుధం. తెలియకుండా మజ్జిగలో, కూరలో కలిపి పెట్టడం మాత్రం చాలా ప్రమాదం, అతను ఆ సాయంత్రం ఎప్పటిలాగే వైన్స్‌కు పోతే గుండె ఆగొచ్చు. ‘భర్తకు తెలియకుండా మాన్పించే పొడి’ అని గోడల మీద రాతలు కనిపిస్తాయి. ఆ పొడిలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. విసిగి వేసారిన ఆడవాళ్లు దాన్ని కొనడంలో నాకు ఆశ్చర్యం లేదు. వాళ్లకు నమ్మకమైన ఇంకో దారి చూపనివాళ్లదే ఆ బాధ్యత.

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఒక చికిత్స ఏ ఆరోగ్య నివేదికలోనూ ఉండదు. అది మాల. కార్తీకంలో అయ్యప్ప మాల, హనుమాన్ జయంతి ముందు కొండగట్టు అంజన్న మాల. నలభై ఒక్క రోజుల మండల దీక్షలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, రెండు పూటలా భజన, తోటి స్వాముల తోడు. పేరు పోయి అందరూ ‘స్వామి’ అని పిలుస్తారు. నిన్నటిదాకా తాగుబోతు అన్న నోళ్లే దండం పెడతాయి. చికిత్సా కేంద్రం ఏదైనా ఇవ్వాలని చూసేవి ఇవే: కొత్త దినచర్య, తోడు, గౌరవం, తాగే స్నేహాల నుంచి దూరం. మాల వేసిన రోజుల్లో ఎంతోమంది బాయి కార్మికులు చుక్క ముట్టరు. దీన్ని మూఢనమ్మకమని తీసిపారేసే డాక్టర్లతో నేను ఏకీభవించను. అయితే రెండు జాగ్రత్తలు లేకపోతే మేలు కంటే కీడు జరగవచ్చు. పొద్దున లేవగానే చేతులు వణికే స్థితికి వచ్చినవాడు వైద్యుడిని కలవకుండా మాల రోజునే ఒక్కసారి ఆపకూడదు, అతనికి ముందు దవాఖాన, ఆ తర్వాత దీక్ష. రెండోది, ఇరుముడి దించి మాల తీసిన రోజు. అదే సాయంత్రం పాత స్నేహితులు సీసాతో ఎదురుచూస్తుంటారు. నలభై రెండో రోజు ఏం చేయాలో గురుస్వామి చెప్పడు, డాక్టరూ చెప్పడు. ఆ రోజు నుంచి నెలకోసారి మనిషిని కలిసే ఏర్పాటు ఎవరైనా చేస్తే, మన ఊళ్లలో ఏటా ఉచితంగా దొరికే ఈ నలభై ఒక్క రోజుల విరామం చికిత్సకు మొదటి మెట్టు అవుతుంది.

ఇక దవాఖానలు. కమాన్‌పూర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి మొదలుపెడితే, అక్కడ ఎంబీబీఎస్ డాక్టరు, నర్సులు, ఊరూరా ఆశా కార్యకర్తలు ఉంటారు. తాగుడు ఏ దశలో ఉందో పది ప్రశ్నలతో తేల్చే ‘ఆడిట్’ పరీక్షకు యంత్రాలు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. బీపీ, షుగరు చూసినట్టే దీన్నీ చూడొచ్చు. దాని మీద గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. 2022లో రామగుండం ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, దానికి సింగరేణి నిధులు ఇచ్చింది. వైద్య కళాశాల ఉన్నచోట మానసిక వైద్య విభాగం తప్పనిసరి, కాబట్టి పదేళ్ల కిందట ఎర్రగడ్డకో వరంగల్ ఎంజీఎంకో పరుగెత్తాల్సిన మనిషి ఇప్పుడు బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో చూపించుకోవచ్చు. ఈ మార్పు చిన్నది కాదు. ఊళ్లో చాలామందికి ఇది ఇంకా చేరలేదు.

ప్రైవేటు డి-అడిక్షన్ కేంద్రాల్లో మంచివి ఉన్నాయి, జైళ్లలాంటివీ ఉన్నాయి. అప్పు చేసి నెలల తరబడి డబ్బు కట్టే ముందు ఇంటివాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల దురలవాటు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కింద చేర్చింది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. తనిఖీకి రానివ్వని చోట, ఇంటివాళ్లను నెలల పాటు కలవనివ్వని చోట, డాక్టరు ఎవరో చెప్పని చోట మనిషిని వదలకూడదు. ఫోను మీద సాయానికి రెండు నంబర్లు ఉన్నాయి: మత్తు సమస్యలకు 14446, మానసిక ఆరోగ్యానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416. రెండూ ఉచితం.

మందులు, పడకలు, నంబర్లు ఇన్ని ఉన్నా మనిషి పదకొండో రోజు అదే ఇంటికి, అదే షిఫ్టుకు, అదే వైన్స్ ముందు నుంచి పోయే దారికి వస్తాడు. అతన్ని తిరిగి దవాఖానకు రమ్మంటే మస్టరు పోతుంది, పూట గడవదు. అందుకే చికిత్సే ఊరికి రావాలి. ఇది చేసి చూపినవాళ్లు ఉన్నారు. భర్త మద్యం వల్ల చనిపోగా 1980లో చెన్నైలో టీటీ రంగనాథన్ పరిశోధనా సంస్థను స్థాపించిన శాంతి రంగనాథన్, తమిళనాడులోని మంజక్కుడి లాంటి పల్లెల్లో పదిహేను రోజుల శిబిరాలు నడిపించారు. ఊరివాళ్లే చోటు, భోజనం చూసుకున్నారు. శిబిరం అయ్యాక నెలనెలా వెళ్లి చూసి రావడం ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగం. గోవాలో సంగత్ సంస్థ ఇంకో దారి చూపింది. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఇంకా బానిస దశకు చేరని తాగుబోతులతో నాలుగుసార్ల దాకా కూర్చుని మాట్లాడారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల తర్వాత ఆ కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం మంది ప్రమాదకర స్థాయి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అది 26 శాతం. అద్భుతమేమీ కాదు. కానీ అయిన ఖర్చుతో పోల్చితే ఎంతో ఎక్కువ.

కమాన్‌పూర్‌లో ఇలాంటిది చేయడానికి కావలసిన మనుషులు ఉన్నారు. మహిళా సంఘాల్లో అప్పుల లెక్క రాసే అక్కలకు ఏ ఇంట్లో జీతం ఎటు పోతోందో అందరికంటే ముందు తెలుస్తుంది. వాళ్లకు కూడా సాయం కావాలి. తాగేవాడి భార్యకు ఉండే దిగులు, నిద్రలేమి, దెబ్బలు ఏ ఓపీ చీటీలోనూ రాయరు. కల్లుకు అలవాటైన ఆడవాళ్లు తమకూ చికిత్స ఉందని ఊహించనైనా ఊహించరు. వాళ్లు మగవాళ్ల వార్డులో చేరరు, కాబట్టి ఆశా కార్యకర్త ద్వారా ఇంటి దగ్గరే మొదలు కావాలి. మానేసి ఏళ్లు గడిచిన పాత కార్మికులు ప్రతి కాలనీలో ఉన్నారు. మానాలనుకునేవాడు డాక్టరు మాట కంటే వాళ్ల మాట వింటాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో పుట్టింది ఆ నమ్మకం మీదే.

కంపెనీ చేయాల్సింది ఇంకా తేలిక. నూరు మస్టర్లు నిండని కార్మికుడికి చార్జిషీటు ఇచ్చే ముందు ఏరియా దవాఖానలో వ్యసన పరీక్ష తప్పనిసరి చేయాలి. చికిత్సలో ఉన్న రోజులకు సిక్ సెలవు ఇవ్వాలి. చికిత్స పూర్తి చేసినవాడికి మొదటి మూడు నెలలు రాత్రి షిఫ్టు తప్పించాలి. ఆ అవకాశం కాంట్రాక్టు కార్మికుడికీ వర్తించాలి, ఎందుకంటే అతను నడిపే డంపరు పర్మినెంట్ కార్మికుడి పక్కనుంచే పోతుంది. ఆరోగ్య కేంద్రం చేయాల్సింది వారానికి ఒక సాయంత్రం గది తెరిచి ఉంచడం. రామగుండం వైద్య కళాశాల మానసిక వైద్యులు నెలకోసారి వచ్చినా చాలు, మిగతా వారాలు శిక్షణ పొందిన నర్సు, మానేసిన ఒక పాత కార్మికుడు కూర్చోవచ్చు. ఆ గది పొద్దున కాకుండా సాయంత్రమే తెరవాలి. మొదటి షిఫ్టు దిగినవాడు, కైకిలి నుంచి వచ్చిన ఆమె, రాత్రి షిఫ్టుకు పోవాల్సినవాడు ముగ్గురూ మస్టరు పోకుండా రాగల పూట అదొక్కటే. రెండో షిఫ్టులో ఉన్నవాడికి ఆ వారం కుదరకపోయినా, షిఫ్టు మారిన వారం కుదురుతుంది.